మా ఆవిడ మిగిల్చిన గది

మొన్న ఆదివారం మా అమ్మాయి లివర్‌పూల్ నుంచి ఫోన్ చేసి, రేవు పక్కనున్న ఓడల మ్యూజియంలో ఉన్నాననీ, అమ్మ చూడకుండా వదిలేసిన ఆఖరి గది గుమ్మం ముందే నిల్చున్నాననీ, లోపలికి వెళ్ళనా అనీ అడిగింది. ఇంగ్లీషులోనే అడిగిందనుకోండి, దాని తెలుగు ఎప్పుడూ అంతంతమాత్రమే.

రెండువేల పదో సంవత్సరం ప్రాంతంలో నేను ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరుగా, డ్యూటీల రోటా ఎలా ఆడిస్తే అలా ఆడుతున్న రోజుల్లో, ఒక్క సెలవు దొరికితే చాలు, కాకినాడ రేవు చూస్తూ పెరిగిన మా ఆవిడ పులిహోర డబ్బా కట్టి, ఐదేళ్ళ అమ్మాయినీ నన్నూ వెంటేసుకుని, పాత గోదాముల్లో పెట్టిన మ్యూజియాలకూ, టౌన్ హాలుకూ బయల్దేరేది. మ్యూజియాలకు టిక్కెట్టు లేదంటే ఎంతకీ నమ్మేది కాదు. టౌన్ హాల్లో ఆ షాండ్లియర్లు చూసి నేను నోరు వెళ్ళబెడితే, "ఇంత కొంప దులిపేవాళ్ళు ఎవరండీ పాపం!" అని నిట్టూర్చేది.

ఆమెకో చాదస్తం ఉండేది. ఏ మ్యూజియానికి వెళ్ళినా ఒక్క గది చూడకుండా మిగిల్చేది. మన ఇళ్ళల్లో బియ్యం డబ్బా అడుగు గీకకుండా గుప్పెడు ఉంచుతాం కదా, అయిపోయాయి అనకూడదని నిండుకున్నాయి అంటాం కదా, ఆమెకు మ్యూజియాలదీ అదే లెక్క. ఏదో ఒకటి మిగిలితేనే మళ్ళీ వస్తామట. నేను వేళాకోళం చేసేవాణ్ణి. అమ్మాయికి మాత్రం ఆ మాట తెగ నచ్చేసి, పాలు నిండుకున్నాయి, బిస్కెట్లు నిండుకున్నాయి అంటూ ఇల్లంతా తిరిగేది.

ఓడల మ్యూజియంలో అలా మిగిలిపోయింది, వలస వెళ్ళినవాళ్ళ పెట్టెలూ సామాన్లూ పెట్టిన గది. మూడేళ్ళ తర్వాత ఆమెకు జబ్బు చేసింది. ఇంకా నడవగలుగుతున్న చివరి రోజుల్లో, ఈసారి ఆ గది కూడా చూసేద్దామండీ అని తనే అడిగింది. ఏదీ మిగల్చకుండా చూద్దామని ఆమె అనడం అదే మొదలు. ఎందుకలా అంటోందో, డాక్టరునై ఉండి కూడా నాకు తట్టలేదు. డ్యూటీ మార్చమని అడగడానికి మొహమాటపడి, వచ్చే వారం వెళ్దామన్నాను. వచ్చే వారానికి ఆమె మంచం దిగలేదు. అందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

ఆమె పోయిన ఉదయం నేను ఆమెను చేర్చిన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి, పక్కింటి ఆంటీ చెప్పినట్టుంది, అమ్మాయి గుమ్మంలో ఎదురొచ్చి, తనకు తెలిసిన మంచి మాట వెతుక్కుని, "నాన్నా, అమ్మ నిండుకుందా?" అని అడిగింది. మనుషుల్ని అలా అనకూడదమ్మా అని దిద్దబోయి, దిద్దలేక, అవునన్నాను.

ఇప్పుడు నేనుంటున్న మిల్టన్ కీన్స్ ఊరి ఇంట్లో, డబ్బా సగమైనా కాకుండానే ఆన్‌లైన్లో ఆర్డరిచ్చిన బియ్యం బస్తా గుమ్మంలోకి వచ్చి పడుతుంది. ఆ మాట అనాల్సిన అవసరమూ రాదు, అనే మనిషీ లేదు. మన ఈడువాళ్ళం పోయాక, అలా ఎందుకనేవారో చెప్పేవాళ్ళు కూడా ఉండరేమో.

ఫోన్లో అమ్మాయి నా జవాబు కోసం ఇంకా ఆగే ఉంది.

"వద్దులేమ్మా, ఉండనీ" అన్నాను.

అది ఈసారి తెలుగులోనే అంది: "సరే నాన్నా, మళ్ళీ వద్దాం."