అక్క చెప్పే జవాబు

పోయిన నెల నా భార్య చనిపోయింది. గుండెపోటు. ఆ ఉదయం నేను గాంధీనగర్‌లో, గుజరాత్ శాసనసభలో అధికారులు కూర్చునే గ్యాలరీలో ఉన్నాను. ఫోన్ బయట ఇచ్చి లోపలికి వెళ్లాలి. ప్రశ్నోత్తరాలు ముగిశాకే కబురు అందింది.

మగ్గాలకు అప్పులిచ్చే ఒక ప్రభుత్వ ఆర్థిక సంస్థకూ శాసనసభకూ మధ్య తిరిగే ఉద్యోగం నాది. ఎమ్మెల్యేలు అడిగే ప్రశ్నలకు మంత్రి చదివే జవాబులు రాస్తాను. అబద్ధం ఉండకూడదు, మాట ఇచ్చినట్టూ ఉండకూడదు. ఎటూ తేలనిచోట గుజరాతీలో "విచారణా హేఠళ్" అని రాస్తాం. పరిశీలనలో ఉందని. ఇంట్లో అన్నం అయిందా అని నేను అడిగితే నా భార్య, "పరిశీలనల ఉన్నది సారూ, జర ఓపిక పట్టుండ్రి," అని నవ్వేది.

మా ఇల్లు బమ్రోలిలో. చుట్టూ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మగ్గాల పనివాళ్లు. మా ఇద్దరి కుటుంబాలదీ అదే పని. సొంత మగ్గాల కోసం అప్పుకు దరఖాస్తు పెట్టినవాళ్లు ఆమె దగ్గరకు వచ్చేవారు. అక్కా అని పిలిచేవారు. ఆ వరసన నేను బావను. నన్ను మాత్రం సారు అనేవారు. వంటింటి తలుపు దగ్గరే మాట్లాడి వెళ్లిపోయేవారు. ఏమిటని అడిగితే, "మా ముచ్చట్లు మాకుంటయి, నీకెందుకు?" అనేది.

పదో రోజున భేస్తాన్ నుంచి వచ్చిన ఒకావిడ చెప్పింది.

"మీరు రాసింది గుజరాతీ పేపర్ల వస్తే అక్కనే చదివి చెప్పేది సార్. 'పరిశీలన అన్నరంటే రాదు. గా మాట నమ్ముకొని ఉన్న పని ఇడువకుండ్రి' అనేది. మిమ్మల్ని ఒక్క మాట అననిచ్చేది కాదు. 'ఆయన చేతుల ఏమున్నది, పైనోళ్లు ఎట్ల చెప్తే గట్ల రాస్తడు' అనేది."

నేను రాసినదానికి అర్థం చెప్పడం, ఆ తర్వాత వాళ్ల ముఖాలు చూడడం, రెండూ ఆమెకే వదిలేశాను. అలా వదిలేశానని కూడా నాకు తెలియలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆవిడ దుఃఖమనుకుని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

నిన్న సాయంత్రం కడోదరా నుంచి ఒకాయన వచ్చి వంటింటి తలుపు తట్టాడు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అక్క లేదా సార్?"

చెప్పాను. మెట్టు మీద కూలబడ్డాడు. ఎందుకొచ్చావని అడిగాను.

"ఏం లేదు సార్, నా లోను ముచ్చట. తర్వాత వస్త."

"పరిశీలనలో ఉంది" అనబోయి ఆగాను.

"రాదు," అన్నాను. "ఆశ పెట్టుకోవద్దు."

తలూపాడు. "అక్క గూడ గిట్లనే సాఫ్ చెప్పేది సార్. గని ముందుగాల చాయ్ పోసేది."

స్టవ్ వెలిగించాను. పాలు పెట్టాను. చక్కెర కోసం ఒక్కో డబ్బా మూత తీసి చూస్తున్నాను. గడప బయట నుంచే ఆయన అన్నాడు:

"పైన సార్. బియ్యం డబ్బా ఎనుక."