తైలమ్మై రాయించుకున్న ఒకే చదివింపు

ఆడి నెల పదో తారీఖున తైలమ్మై ఆ నోటు పుస్తకంలో చివరి పేరు మీద ఎర్రగీత గీసింది. మొత్తం నాలుగు వందల పన్నెండు పేర్లు. గీత గీశాక కూడా నమ్మకం కుదరక, మొదటి పేజీ నుంచి వేలు పెట్టి మళ్ళీ చూసుకుంది.

పుస్తకం ఆమె భర్త చిన్నయ్యన్‌ది. తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ నేలకొరిగిన మరుసటి ఏడు, ఊళ్ళో అందరూ పెట్టినట్టే అతనూ మొయి విందు పెట్టాడు. వచ్చినవాళ్ళు మాంసం కూరతో కడుపునిండా తిని, బల్ల దగ్గర పేరూ ఊరూ చెప్పి, డబ్బు పళ్ళెంలో వేసి వెళ్ళారు. మూడు లక్షల పది వేలు పోగయింది. పేరుకి చదివింపులే. కానీ పేరావూరణి చుట్టుపక్కల చదివించి మర్చిపోయే మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఎవరెంత వేశారో అంతా, వాళ్ళు విందు పెట్టిన రోజున పైన కాస్త కలిపి తిరిగి వెయ్యాలి. ఆ కలిపిన కాస్త మళ్ళీ వాళ్ళ నెత్తిన అప్పవుతుంది. అలా ఒకరి పుస్తకంలో ఒకరు బతుకుతూనే ఉంటారు. చిన్నయ్యన్ ఆ డబ్బుతో బోరు వేయిస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి. రెండేళ్ళు తిరక్కుండా గుండె పట్టుకుని పోయాడు. పుస్తకం మాత్రం పోలేదు.

తైలమ్మై బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతుంది. నెలకి తొమ్మిది వేలు. సాయంత్రాలు కొబ్బరాకులు అల్లితే ఇంకో పదిహేను వందలు. జీతం చేతికొచ్చిన రోజే ఐదు డబ్బాలు వరసగా పెట్టి పంచేది. ముందుగా మొయి డబ్బాలో నాలుగు వేల ఐదు వందలు. తర్వాత సరుకులకి మూడు వేలు, గ్యాసుకీ కరెంటుకీ పన్నెండు వందలు, కూతురు తేన్‌మొళి కాలేజీ బస్సుకి పదమూడు వందలు, మందులకి ఐదు వందలు. ఒక డబ్బాలో తక్కువైతే ఇంకో డబ్బాలోంచి తీసేది, మొయి డబ్బా జోలికి మాత్రం పోయేది కాదు. ఆరేళ్ళు పాలు పావు లీటరే. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆమె ఎవరికీ పైన ఒక్క రూపాయి కలిపి వెయ్యలేదు. అయిదు వందలు తీసుకుంటే అయిదు వందలే. కలపకుండా వేస్తే, మీతో నా లెక్క ఇక్కడితో సరి అని చెప్పడమే. జనానికి అది నచ్చదు. వెనకాల 'సరిచేత్తో తైలమ్మై' అని నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకుంది. మళ్ళీ విందు పెట్టనని, ఈ పుస్తకం తేన్‌మొళి చేతిలో పెట్టి చావనని భర్త పోయిన పదహారో రోజునే ఒట్టు పెట్టుకుంది మరి.

ఆ పదో తారీఖు సాయంత్రం వచ్చే నెల లెక్క వేసుకుంది. నాలుగు వేల ఐదు వందలు తనవే. పాలు అర లీటరు. కొత్త కళ్ళజోడు. ఇంత సంతోషం తనకి ఎవరిస్తారులే అని లోపల ఒకటే గుబులు.

గుబులు పడ్డట్టే మూడో రోజున రాజమాణిక్కం వచ్చాడు. చనిపోయిన కరుప్పయ్య రెండో కొడుకు. ఆ కరుప్పయ్యే చిన్నయ్యన్‌కి అందరికంటే ఎక్కువ వేసింది, ఇరవై ఐదు వేలు. కుర్రాడు గౌరవంగా చెప్పులు వాకిట్లోనే వదిలి, తాంబూలం పళ్ళెంలో కార్డు పెట్టి అందించాడు.

"ఆడి ఇరవయ్యెనిమిది, పిన్నీ. పదిహేను మందిమి కలిసి పెడుతున్నాం. నువ్వు తప్పకుండా రావాలి."

కార్డు మూల పెన్సిలుతో సన్నగా 'పాతది 25,000' అని ఉంది.  తైలమ్మై ఆ అంకె మీద వేలు పెట్టి, అది కిందటి ఆవణి నెలలోనే మీ అన్న మాసిలామణి విందులో వేసేశాను కదా నాయనా అంది.

రాజమాణిక్కం మొహంలో కోపం లేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. అంతకు ముందు తై నెలలోనే అన్నదమ్ములు పంచుకున్నారట. పొలం, ఇల్లు, ఎడ్లతోపాటు నాన్న మొయి పుస్తకం కూడా పేజీల లెక్కన చెరిసగం. చిన్నయ్యన్ పేరున్న పేజీ తనకొచ్చింది.

"అన్నకి నువ్వు వేసింది కొత్తది, పిన్నీ. అది వాడు నీకు బాకీ. నువ్వు విందు పెట్టినప్పుడు తెచ్చి వేస్తాడు. నాన్న బాకీ నాకు రావాలి."

"నేనింక విందు పెట్టను కదరా."

"అది నాకెలా తెలుస్తుంది?" అన్నాడు రాజమాణిక్కం, మజ్జిగ తాగి గ్లాసు బోర్లిస్తూ.

అప్పు చేసిన మనిషి పోతే వాళ్ళ ఇంటివాళ్ళు తీర్చాలని తైలమ్మైకి తెలుసు, తీర్చింది కూడా. ఇచ్చిన మనిషి పోతే ఆ ఇంట్లో పుస్తకం ఎవరి చేతికి పోయిందో కనుక్కోవాలని మాత్రం తోచలేదు. పెద్ద కొడుకు కార్డిస్తే పెద్ద కొడుక్కి వేసింది. ఇక్కడ పుట్టి ఇక్కడ ముసలిదైన మనిషి చెయ్యదగ్గ తప్పు కాదది.

తెల్లారి కొబ్బరి మండీకి వెళ్ళి మాసిలామణిని అడిగింది. తెలిసే తీసుకున్నావా నాయనా అని. అతను కాయలు లెక్కపెట్టేవాళ్ళని చూస్తూనే జవాబు చెప్పాడు. తన కార్డు మీద పెన్సిలు రాత ఉందా అన్నాడు. లేదు. తను నోరు తెరిచి అడిగాడా అన్నాడు. అడగలేదు. పోనీ తిరిగి ఇచ్చెయ్యమంటే తల అడ్డంగా ఊపాడు.

"విందు లేకుండా చేత్తో తిరిగిచ్చానని తెలిస్తే రేపు నాలుగొందల మంది నా గడపలో నిలబడతారు, పిన్నీ. నువ్వు కార్డు ఇయ్యి. పైన కలిపి మరీ వేస్తాను."

ఆ పదిహేను రోజులూ తైలమ్మై భయంతోనే వండింది, భయంతోనే తింది. వెయ్యకపోతే ఎవరూ కొట్టరు, పోలీసులు రారు. విందు అయిన మూడో రోజు ఆ ఇంటి ఆడవాళ్ళు నలుగురు వచ్చి వాకిట్లో కూర్చుంటారు. మంచినీళ్ళు ఇస్తే పక్కన పెట్టేస్తారు, తాగరు. ఏమీ అడగరు. వీధిలో పోయేవాళ్ళంతా చూసేదాకా కూర్చుని లేచిపోతారు, మర్నాడు మళ్ళీ వస్తారు. చిన్నయ్యన్ మాట మీద తనే ఒకసారి అలా ఒక ముసలామె ఇంటికి వెళ్ళి కూర్చుంది. ఆ ముసలామె తలుపు మూసుకుని లోపల ఏడ్చిన ఏడుపు తైలమ్మైకి ఇప్పుడు గుర్తుకొస్తోంది.

డబ్బాలు మళ్ళీ ముందేసుకుంది. ఐదింటినీ బోర్లిస్తే పదకొండు వందల నలభై. చెవి కమ్మలు కుదువ పెడితే ఎనిమిది వేలు. మిగతాదానికి వారం వారం కట్టే సంఘం అప్పే దిక్కు, అది మళ్ళీ రెండేళ్ళు. తేన్‌మొళి పక్కన కూర్చుని లెక్క చూసి, కోర్టులో ఇది అప్పే కాదమ్మా, కాగితం లేదు, సంతకం లేదు అంది.

"కోర్టు మన వాకిట్లో కూర్చుంటుందా?" అంది తైలమ్మై.

దారి మళ్ళీ రాజమాణిక్కమే చూపించాడు. పదిహేనో మనిషి తప్పుకున్నాడట. ఆ చోట తైలమ్మై పేరు కార్డులో వేయించుకోవచ్చు, ఖర్చు వాటా మూడు వేలు. అన్న పాతిక వేలూ తెచ్చి ఆమె పళ్ళెంలో వేస్తాడు, అక్కడికక్కడే దాన్ని రాజమాణిక్కం పళ్ళెంలోకి మార్చెయ్యొచ్చు. పైగా వచ్చినవాళ్ళంతా ఎంతో కొంత వేస్తారు, లక్ష దాకా మిగులుతుంది అని ఆశ పెట్టాడు. ఆ లక్ష మాట వినగానే తైలమ్మై చెయ్యి అడ్డం పెట్టింది. లక్ష అంటే ఇంకో పుస్తకం.

"పేరు వెయ్యి. కానీ నా బల్ల దగ్గర ఒక్కడి పేరే రాయించుకుంటాను. మిగతా ఎవరూ నాకు వెయ్యకూడదు."

రాజమాణిక్కం ఆమె వంక వింతగా చూశాడు. "విందు పెట్టి చదివింపు వద్దన్న మనిషిని నేను చూడలేదు పిన్నీ. సరే, నీ ఇష్టం. అన్న రాకపోతే మాత్రం నన్ను అనొద్దు."

కూతురు బస్సు డబ్బూ సరుకుల డబ్బూ కలిపి, చాలనిది తోటి వంటావిడ అమ్మాకణ్ణు దగ్గర చేబదులు తీసుకుని, మూడు వేలు కట్టింది. ఒకే ఒక్క కార్డు చేత్తో పట్టుకెళ్ళి మాసిలామణికి ఇచ్చింది. అతను చదివి జేబులో పెట్టుకున్నాడు, వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఆడి ఇరవయ్యెనిమిదిన పందిట్లో పదిహేను బల్లలు, పదిహేను పళ్ళేలు, ఒక్కో బల్లకి ఒక్కో గుమాస్తా. మైకులో పేర్లూ అంకెలూ ఆగకుండా మోగుతున్నాయి. చివరి బల్ల వెనక తైలమ్మై ఉతికిన తెల్లచీర కట్టుకుని కూర్చుంది. పొద్దున ఎనిమిదింటి నుంచీ ఆమె చేసిన పని ఒక్కటే, వచ్చినవాళ్ళకి దణ్ణం పెట్టి వద్దనడం. కొందరు నవ్వారు. కొందరికి కోపం పొడుచుకొచ్చింది. అమ్మాకణ్ణు రెండు వందలు పట్టుకొచ్చి, నా చేబదులు పనికొచ్చింది గానీ నా మొయి పనికిరాదా అని మొహం మీదే అనేసి వెళ్ళిపోయింది. తైలమ్మైకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా చెయ్యి చాపలేదు.

పదకొండయింది. ఒంటిగంటయింది. మిగతా పళ్ళేల్లో నోట్లు గుట్టలు పడుతుంటే ఆమె పళ్ళెం కడిగిపెట్టినట్టే ఉంది. గుమాస్తా రెండుసార్లు కునుకు తీశాడు. ఎదుటి వరసలో మూడో బల్ల దగ్గర రాజమాణిక్కం తన పుస్తకంలో రానివాళ్ళ పేర్ల పక్కన చుక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఆ పెన్సిలు ఎప్పుడు తన పేరు మీదికి వస్తుందా అని తైలమ్మై దాన్నే చూస్తూ కూర్చుంది. 

రెండున్నరకి మాసిలామణి వచ్చాడు. నేరుగా తమ్ముడి బల్ల దగ్గరికి వెళ్ళి వేశాడు. నాలుగో బల్ల, తొమ్మిదో బల్ల, పన్నెండో బల్ల. తర్వాత భోజనానికి కూర్చున్నాడు. నిదానంగా తిన్నాడు, కూర రెండోసారి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, వక్కా ఆకూ తీసుకుని చెప్పుల వైపు నడిచాడు.

తైలమ్మై లేచి నిలబడింది. అంతమందిలో ఆమె గొంతు పైకి లేవడం ఎవరూ వినలేదు ఇదివరకు. "మాసిలామణీ" అని పిలిచింది. 

అతను తిరిగి చూసి నవ్వాడు. "నీ దగ్గరికే పిన్నీ. పెద్ద అంకె కదా, డబ్బు బండి పెట్టెలో ఉంది, తెస్తున్నా."

తెచ్చాడు. గుమాస్తా నోట్లు రెండుసార్లు ఎంచి, మొదటి పేజీ మొదటి వరసలో రాసి మైకు అందుకున్నాడు. "కరుప్పయ్య కొడుకు మాసిలామణి, ఇరవై ఐదు వేల అయిదు వందలు."

"అయిదు వందలు వద్దు. ఇరవై ఐదే రాయి" అంది తైలమ్మై, గుమాస్తా చెయ్యి పట్టుకుని.

మాసిలామణి మొహం ఎర్రబడింది. "సరిచేత్తో వెయ్యడం నీకు అలవాటు, మా ఇంటికి లేదు. నలుగురిలో నా పరువు తీస్తావా?"

రాసిందీ అయింది, మైకులో చదివిందీ అయింది. తైలమ్మై పాతిక వేలు తీసుకెళ్ళి రాజమాణిక్కం పళ్ళెంలో పెట్టింది. అతను ఎంచుకుని, పాత పేజీలో చిన్నయ్యన్ పేరు కొట్టేసి, ఇంక ఏమీ లేదు పిన్నీ, వెళ్ళి తిను అన్నాడు. ఆ మాట కోసం ఆరేళ్ళు ఎదురుచూసింది. ఇప్పుడు విన్నా లోపల ఏమీ కదల్లేదు. చేతిలో అయిదు వందల నోటు పట్టుకుని చెప్పుల దగ్గరికి పరిగెత్తింది. మాసిలామణి అప్పటికే బండెక్కాడు.

"నేను మళ్ళీ విందు పెట్టినప్పుడు వెయ్యి. ఇప్పుడేగా పెట్టాను, ఇంకో నాలుగైదేళ్ళు పడుతుంది. తొందరేముంది?"

తైలమ్మైకి యాభై ఎనిమిది. చిన్నయ్యన్ పోయేనాటికి అతనికి యాభై ఐదు. ఆమెకి తొందరే.

ఇంటికి రాగానే తేన్‌మొళిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అయిదొందలే కదమ్మా, ఇంత గాభరా దేనికి అని కూతురు నవ్వబోయి, తల్లి మొహం చూసి సర్దుకు కూర్చుంది.

"ఎంత?"

"అయిదు వందలు."

"ఎవరికి?"

"మాసిలామణన్నకి. తమ్ముడికి కాదు."

"నేను లేకపోతే?"

"నేను వేస్తాను. సరిగ్గా అయిదు వందలే, పైన కలపను." తేన్‌మొళి నెమ్మదిగా అంది, "మాసిలామణన్నకి ఇద్దరు కొడుకులమ్మా."

తైలమ్మై కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ ఇద్దరి పేర్లూ చెప్పి, మళ్ళీ చెప్పమంది.