పైనున్న ఫైలు

ఆసుపత్రి స్కాన్ విభాగంలో అతన్ని అందరూ టైపు బాబాయ్ అనేవారు. తీసిన స్కాన్లను ఆపరేషన్ గదికి పంపడం అతని పని. మౌసు ముట్టేవాడు కాదు. నల్లటి తెర మీద పంపమనే ఆదేశం కొట్టి, పక్కనే రోగి నంబరు కొడితే కంప్యూటరు మారుమాట లేకుండా పంపేసేది.

"ఏది కావాలో ముందే చెప్తే చేసేస్తుందమ్మా. మళ్ళీ బొమ్మలు చూపించి ఎంచుకోమనడం దేనికి, పెళ్ళిచూపులా?" అని స్కాన్లు తీసే టెక్నీషియన్ పిల్ల దగ్గర గొప్పలు పోయేవాడు.

అసలు సంగతి వేరు. అతని రెండు కళ్ళూ మసకబారాయి. కళ్ళ డాక్టరు పెదవి విరిచేశాడు. వేళ్ళకు అలవాటైన అక్షరాలకు చూపుతో పనిలేదు కనుక బండి నడుస్తోంది.

"ఎన్నాళ్ళండీ ఈ దాపరికం? చెప్పేయండి" అని భార్య పోరుతూనే ఉంది.

"చెప్పి, ఇద్దరం ఏం తిందామంటావు?" అనేవాడు.

అంతలో కొత్త ప్రోగ్రాం వచ్చిపడింది. నంబరు కొట్టినా పట్టించుకోదు. ఫైళ్ళన్నీ చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. అతని గుండెల్లో రాయి పడింది. నాలుగు రోజులు నానా తంటాలు పడ్డాక కిటుకు దొరికింది. చివరగా తీసిన స్కాన్ ఎప్పుడూ అన్నిటికన్నా పైనుంటుంది. టెక్నీషియన్ పిల్ల "అయింది బాబాయ్" అని కేకేయగానే ఎంటర్ కొడితే సరి, పైనున్నది వెళ్ళిపోతుంది. గండం గడిచిందనుకున్నాడు, పిచ్చి మనిషి.

ఆ రోజు ఒక బస్సు డ్రైవరు తలకు ఆపరేషన్. కేక వినబడింది. ఎంటర్ కొట్టాడు.

కాసేపటికి ఆ పిల్ల రెండు టీలు పట్టుకొచ్చింది.

"పక్క గది స్కాన్ మెషీను బాగైంది బాబాయ్. ఇవాళ్టి నుంచి వాళ్ళ ఫైళ్ళూ మన కంప్యూటర్లోకే. ఇందాక నేను కేకేసినప్పుడే ఎవరో ముసలాయన తల స్కాన్ కూడా దిగింది."

ఏది పైనుందో, ఏది వెళ్ళిందో! డ్రైవరుదే అయ్యుంటుందిలే అనుకున్నాడు. కాకపోతే? అడిగితే ఉద్యోగం పోయినట్టే. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ పిల్ల ఏదో సినిమా కబురు చెబుతూ టీ తాగేసింది.

"అమ్మా, నేనెవరిది పంపానో కాస్త చూడు" అన్నాడు చివరికి.

"మీ ఎదురుగానే ఉందిగా బాబాయ్, ఇంతింత అక్షరాలు!"

"నాకు కనబడవమ్మా. చాన్నాళ్ళైంది."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. వంగి తెర చూసింది. ముసలాయన పేరుంది. ఆపరేషన్ గదికి ఫోన్ చేసింది. అవతల చెప్పింది విని, ఫోన్ కింద పెట్టేసింది.

"డ్రైవరు తల కోసేశారట బాబాయ్. బాగున్న వైపు."

"ఎప్పుడు?"

"ఇప్పుడేనట. మనం టీ తాగుతుంటే."