తుప్పు మీద కుంకుమ

నాన్న పాత ఫియట్ కారు అమ్మేద్దామని నిన్న షెడ్డు తలుపు తీశాను. టైర్లు మార్చందే అది కదలదు. మెకానిక్ చక్రాల మూతలు ఊడదీసి, రెంచి మీదికెక్కి నిలబడినా ఒక్క నట్టూ తిరగలేదు.

"శానా తుప్పు పట్టేసుండాది సార్. నూనె ఏమన్నా ఉండాదా?"

మూలలో నాన్న ఆముదం సీసా ఇంకా ఉంది. మూత తీయగానే ఆ వాసన! బంగారు గనిలో ఆయుధపూజ అయ్యాక మా క్వార్టర్స్ అంతా ఇదే వాసన వచ్చేది. గని ఆఫీసులో గుమాస్తా అయిన మా నాన్న ఆ రోజు ఈ కారు చక్రాల నట్లన్నీ విప్పి, ఆముదం రాసి బిగించేవాడు. అమ్మ వాటికి కుంకుమ పెట్టాకే మూతలు వేసేవాడు.

"కనపడకుండా లోపలెందుకమ్మా?" అంటే, "బయట పెడితే సైనైడ్ దిబ్బ దుమ్ము ఒక్క పూటలో కప్పేస్తాది" అనేది, బంగారం తీసేశాక పారబోసిన గని మట్టి గుట్టను చూపిస్తూ.

గని మూసేసిన ఏడాది నాన్న, "ఇంగ ఆయుధం యాడుండాది, పూజ యాడుండాది?" అని షెడ్డుకు తాళం వేశాడు. బతికినంత కాలం మళ్ళీ కారు ముట్టలేదు. తాళంచెవి అమ్మ దగ్గరుండేది. ఇప్పుడు ఇద్దరూ లేరు.

నూనె పోయబోయిన మెకానిక్ ఆగాడు. "సార్, ఈ పైన ఉండేది తుప్పు కాదు. కుంకుమ."

నాన్న ఆముదం రాసినన్నాళ్ళూ ఆ నట్లకు తుప్పు లేదు. కుంకుమేమో తుప్పు మీద ఉంది, నాలుగు చక్రాలకూ. అంటే తాళం పడ్డాక కూడా ఆయుధపూజకు అమ్మ ఒక్కతే వచ్చి, మూతలు తీసి పెట్టి వెళ్ళేదన్నమాట.

"తుడవద్దప్పా," అన్నాను. "మూతలు వేసేయ్."