ఏడో వేలు

హొసకోటె నుంచి మనవరాలిని మా స్పీచ్ థెరపీ క్లినిక్‌కి తీసుకొచ్చే తాత ఒకాయన ఉండేవాడు. "పాపను ఏదైనా అడిగాక జవాబు మీరే చెప్పేయకండి. మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి" అని నేనే నేర్పాను. ఆయన మనసులో కాదు, ఒక్కో వేలూ మడుస్తూ లెక్కపెట్టేవాడు. "పాలు కావాల్నా తల్లీ?" అని అడిగి, పాప పెదవులనే చూస్తూ కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం పాపకు చెప్పులు తొడిగి నావైపు తిరిగాడు.

"మేడం, నువ్వు తిన్యావా?"

ఈ ఊళ్లో నేను ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆ మాట అడిగేవాళ్లెవరూ జవాబు కోసం ఆగరు.

"ఆఁ, తిన్నాను" అన్నాను అలవాటుగా.

ఆయన లేవలేదు. నా ముఖంలోకి చూస్తూ వేళ్లు మడవసాగాడు.

ఏడో వేలు దగ్గర "లేదు తాతా" అన్నాను.