ఐదో వరుస

ఎలిశిబా చదివిన మొదటి పుస్తకం గోడకు వేలాడేది. మెదక్ బస్టాండు వెనక సందులో ఉన్న ఓ చిన్న కంటి దవాఖానలో ఆమె ఇరవై రెండేళ్ళు ఆయాగా పనిచేసింది. నేల తుడవడం, ముసలివాళ్ళను చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టడం, కళ్ళలో చుక్కలు వేయడం ఆమె పని. బడి మొహం చూడని మనిషి. చూపు పరీక్ష చేసే ప్రకాశం సారు ఒకరోజు ఆమె గోడ మీది అక్షరాల చార్టు దుమ్ము దులుపుతుంటే, "రోజూ తుడుస్తనే ఉన్నవు, జర చదువరాదు" అన్నాడు.

ఆయన ఎగతాళికే అన్నాడు. ఆమె మాత్రం నిజమనుకుంది. చార్టులో పైన ఒకటే పెద్ద అక్షరం, కిందికి దిగేకొద్దీ చిన్నవి. వారానికో వరుస చొప్పున సారును సతాయించి నేర్చుకుంది. గుణింతాలు, ఒత్తులు ఆ తర్వాత పట్టుబట్టి నేర్చింది. రెండేళ్ళు తిరిగేసరికి చర్చిలో పాటల పుస్తకం తెరిచి, పక్కామె నోటివంక చూడకుండా పాడింది. ఆ ఆదివారం ఆమె నడక చూసి తీరాలి! అంతటితో ఆగిందా? ఐదో తరగతిలో బడి మానేసి అక్షరాలు మరిచిపోయిన మొగుడు జయానందాన్ని కూడా పొయ్యి దగ్గర కూర్చోబెట్టి దిద్దించింది.

అలాంటి మనిషి కళ్ళకే నీటికాసుల జబ్బు, గ్లకోమా, వచ్చింది. దీపం కిందే చీకటి. ఊరందరి కళ్ళలో చుక్కలు వేసిన చెయ్యి తన కళ్ళు నలుపుకుంటూ దుమ్ము పడిందని నాలుగేళ్ళు దాటేసింది. తేలేసరికి ఆలస్యమైపోయింది. పోయిన చూపు ఇక రాదన్నారు. పని మానేసింది. వాకిట్లో మెట్టు, కంచంలో కూర, ఎదుటి మనిషి మొహం, అన్నీ తెల్లటి మసకలో కలిసిపోయాయి.

పాపన్నపేటకు షేర్ ఆటో నడిపే జయానందం ఒకరోజు బేరం మానుకొని ఆమెను సదరం క్యాంపుకు తీసుకుపోయాడు. వైకల్యం ఎంత శాతమో అక్కడే తేలుస్తారు. నలభై ఉంటేనే పింఛను. లోపలికి అడుగుపెట్టగానే స్పిరిట్ వాసన తగిలింది. ఎలిశిబాకు పుట్టింటికి వచ్చినట్టయింది. కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఎదురుగా తెల్లగా ఏదో కంటికి ఆనింది. "చదువమ్మా" అన్నాడు డాక్టరు. చదివింది. ఐదో వరుస దాకా గుక్క తిప్పుకోకుండా చదివింది. బయటికి వచ్చి, "ఒక్కటన్న తప్పు పోలే" అని మొగుడితో చెప్పుకుంది కూడా.

పిచ్చి తల్లి! పరీక్ష అంటే పాసు కావాలనే తెలుసు ఆమెకు. ఫెయిలైతేనే గెలిచే పరీక్ష ఉంటుందని ఎవరు చెప్పారు గనక?

ముప్పై శాతమని కాగితం వచ్చింది.

"ఆ డాక్టరే గుడ్డోడు!" అని జయానందం ఇంట్లోనే కాదు, ఆటో స్టాండులో కూడా పదిమందిలో తిట్టాడు. మళ్ళీ చూడమని అర్జీ పెట్టాడు. ఎలిశిబా మాత్రం నోరు మెదపలేదు. తప్పు డాక్టరుది కాదని, తాను చూసి చదవలేదని, నోటికి వచ్చింది ఒప్పజెప్పిందని ఆమెకు అప్పటికే అర్థమైంది.

పిలుపు కోసం మూడు నెలలు చూశారు. ఫోన్ ఠంగుమంటే చాలు, ఆమె తడుముకుంటూ వెళ్ళి అందుకునేది. వచ్చిన మెసేజ్ ఏదో తనకు కనిపించదు, పక్కింటివాళ్ళను అడగాలంటే సిగ్గు. మొగుడు వచ్చేదాకా ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. తీరా చూస్తే అది రీచార్జి మెసేజ్. అన్నం సయించలేదు. ప్రార్థనకు కూర్చుంటే మాటలు తప్పేవి. చివరికి ఒక సాయంత్రం ఆయన తింటుండగా చెప్పేసింది.

జయానందం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఈసారి ఏమడిగినా కనబడ్తలేదను. గంతే" అన్నాడు.

"మొదలు చదివి, ఇప్పుడు కనబడ్తలేదంటే దొంగదంటరు."

"అనకపోతే పింఛను రాదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట పలికి చూసుకుంది. కనబడ్తలేదు. నాలుక తిరగలేదు. ఇరవై రెండేళ్ళు ఆ కుర్చీ పక్కన నిలబడి, "కనబడ్తది తల్లీ, భయపడకు" అని ఎందరికో చెప్పిన నోరు అది.

రెండోసారి క్యాంపులో ఒక డాక్టరమ్మ ఉంది. పాత కాగితం తిరగేసి, "పోయినసారి ఐదో వరుస దాక చదివిండ్రు. ఇప్పుడు కనబడ్తలేదని అర్జీ పెట్టిండ్రు. నాలుగు నెలలల్ల గింత తగ్గిందా?" అంది.

ఎలిశిబా కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ, "తగ్గలే మేడం. అప్పుడు గూడ గింతే. నేను కంటి దవాఖానల ఆయాను. అంతట గిదే చార్టు, నాకు నోటికొస్తది. చదువమన్నరని చదివిన" అంది.

డాక్టరమ్మ లేచింది. కుర్చీ జరిగిన చప్పుడు, అడుగులు అటూ ఇటూ. తర్వాత, "ఐదో వరుస ఇప్పుడు గూడ చెప్పగలుగుతరా?" అంది.

"ల, త, గ, న, ప."

"చార్టు ఎక్కడున్నదో వేలు పెట్టి చూపుండ్రి."

ఇదొక్కటి తెలియదా? చార్టు తెల్లగా కొద్దిగా ఆనుతూనే ఉంది. ఎలిశిబా చెయ్యి చాచి సూటిగా చూపింది.

గుమ్మం దగ్గరి నుంచి జయానందం గొంతు వినిపించింది. "ఎలిశిబా, అది ఉత్త గోడనే. చార్టు మేడం చేతిల ఉన్నది."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అక్షరాలు పోయినా చార్టు మిగిలిందనే ఇంతకాలం నమ్మింది ఆమె. మిగిలింది గోడ తెలుపు. తన గుడ్డితనం డాక్టర్లకే కాదు, తనకూ ఆ రోజే తెలిసింది. ఆ దుఃఖం ముందు పింఛను సంగతే మరిచిపోయింది. డాక్టరమ్మ వచ్చి ఆ చెయ్యి మెల్లగా దించింది. టార్చి వేసి, యంత్రం ముందు కూర్చోబెట్టి, చాలాసేపు రాసుకుంది.

మూడు వారాలకు సర్టిఫికెట్ వచ్చింది. జయానందం గడపలో కూర్చొని, అద్దాలు పెట్టుకొని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "శాతం... డెబ్బయి. అయిందే! మనది అయింది!"

"మొదటి నుంచి చదువు" అంది ఎలిశిబా.

పేరు చదివాడు. ఊరు చదివాడు. ఏ వైకల్యమో రాసిన చోటికి వచ్చి ఆగిపోయాడు.

"ఏమైంది?"

"ఈ మాట తిరుగుతలేదే. ద ఉన్నది, దాని కింద సుడి. తర్వాత ష, గుడి, కింద ట ఒత్తు."

"దృష్టి" అంది ఎలిశిబా. "అది దృష్టి. పక్కమాట చదువు."