లీటరుకు ఎనిమిది రాకపోతే బస్సులో రావాలి

ఆ రోజు పొద్దున వాకిట్లోకి వచ్చేసరికి కారు అద్దాల సంచులు దండెం మీద ఆరుతున్నాయి. మా ఇంటి పిచ్చుకలు సైడు అద్దంలో తమను తామే చూసుకుని పొడుస్తుంటాయి. అందుకని కారు వచ్చిన మొదటి వారంలోనే అమ్మ పాత చీర ముక్కలతో రెండు సంచులు కుట్టింది. బయటికి వెళ్లేటప్పుడు తప్ప అవి అద్దాలకే ఉంటాయి. వాటిని ఉతికి ఆరేసిందంటే, ఇక వాటితో పని లేదని అమ్మ తేల్చేసుకుందన్నమాట.

నాయిన గద్వాల అవతల గట్టు ఊరి దగ్గర విత్తనాల పత్తి వేస్తాడు. రెండేళ్లు వరుసగా పంట బాగా వచ్చింది. కిందటి ఏడు హైదరాబాదులో ఒక వ్యాపారి వాడిన జర్మనీ కారు కొన్నాడు. మూడు లీటర్ల పెట్రోలు ఇంజిను, ఆరు సిలిండర్లు. ఇలాంటి కారు కొనాలనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను, కొన్న ధరతో అయిపోదు. ఒక్క టైరు ధరకు మా వైపు పాడి బర్రె వస్తుంది. సర్వీసుకు హైదరాబాదు పోవాల్సిందే. ఆయిలు మార్పించి తిరిగొచ్చేసరికి పదివేలు దాటుతుంది. గద్వాలలో మామూలు పెట్రోలే దొరుకుతుంది, లీటరు యాభైకి కొంచెం తక్కువ. ఈ బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఇవ్వదని ఊళ్లో అందరూ అన్నారు. అమ్మ అదే నమ్మింది.

నాగర్‌కర్నూలులో వడ్ల మిల్లు ఉన్న మా మేనమామకు ఈ కారు మీద మొదటినుంచీ కన్ను. ఆయనే ఫోనులో షరతు పెట్టాడు. గద్వాలలో ట్యాంకు నింపుకుని నాగర్‌కర్నూలు రావాలి. లీటరుకు ఎనిమిది వస్తే కారు మాదే. రాకపోతే తాళం ఆయనకిచ్చి, డబ్బు తీసుకుని బస్సులో ఇంటికి పోవాలి. అమ్మ వెంటనే ఒప్పుకుంది. నాయిన కూడా సరేనన్నాడు గాని, ఆ పూట అన్నం సగంలో లేచాడు.

ఏడింటికి నేనూ నాయినా గద్వాల బంకులో ఆగాం. మా వైపు ట్యాంకు నింపడమంటే, పైపు దానంతటది ఆగిపోయాక కారును అటూ ఇటూ ఊపి, గొంతు దాకా పోయించుకోవడం.

"ఊపాల్నా అక్కా?" అన్నాడు బంకులో అతను.

"వద్దన్నా."

"ఊపితే ఇంకింత వడ్తది గదా బిడ్డా," అన్నాడు నాయిన.

"పట్టింది చాలు నాయినా," అని మీటరు సున్నాకు తెచ్చాను.

ఎర్రవల్లి చౌరస్తాలో హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరులో వనపర్తి వైపు మళ్లాం. ఈ కారుతో వచ్చిన పుస్తకం నేను రెండుసార్లు చదివాను. ఊరికే బ్రేకు తొక్కవద్దు, వేగం పెంచినా తగ్గించినా మెల్లగా చేయమని అందులో ఉంది. డెబ్బై దాటకుండా నడిపాను. ఏసీ వేయలేదు. ఇంత బలమున్న ఇంజినును అంత నెమ్మదిగా పోనిస్తుంటే, కాలి కింద దాని ఓపిక తెలుస్తూనే ఉంది. పెబ్బేరు దాటాక ఒక మేకల లారీ మమ్మల్ని దాటేసింది.

"మేకలు గూడ మనల్నే సూస్తున్నయి," అన్నాడు నాయిన.

వనపర్తి బస్టాండు దగ్గర ఒక చిన్న హోటలులో ఎనిమిదిన్నరకు దోశెలు తిన్నాం. దోశె పన్నెండు రూపాయలు, పల్లీల చట్నీ ఎంత కావాలంటే అంత. పెనం దగ్గరున్న పెద్దామె కారునూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"గింత పెద్ద బండి, ఎంతిస్తదమ్మా?"

"ఇంకా తెల్వదు పెద్దమ్మా. గది చూసేందుకే పోతున్నం."

"బండికి పోసినవు గాని నీ కడుపుల ఏం పోసినవ్? ఇంకోటి తిను," అని అడగకుండానే ఆకులో వేసింది. దానికి డబ్బు తీసుకోలేదు.

బిజినేపల్లి మీదుగా పదింటికల్లా నాగర్‌కర్నూలు చేరాం. మామ తెల్ల బట్టల్లో బంకు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏం బావా, టికెట్లకు చిల్లర తెచ్చుకున్నవా?"

నాయిన నవ్వి కారు దిగాడు. మీటరు సరిగ్గా నూరు చూపిస్తోంది. పైపు ఆగేసరికి పట్టింది పదిన్నర లీటర్లు. అంటే తొమ్మిది పైనే వచ్చింది. నాకు లోపల పొంగిపోయింది.

"ఏడ ఫుల్లయింది? ఊపుర్రి," అన్నాడు మామ. తానూ ఒక చెయ్యి వేశాడు. బంకువాళ్లిద్దరు, మామ కలిసి కారును ఊపి ఊపి పోయించారు. పద్నాలుగు దగ్గర పెట్రోలు గొంతులో కనిపించింది.

"నూరుకు పద్నాలుగు. ఏడే వచ్చె. తాళం తే బిడ్డా."

నాయిన బానెట్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. పదిమంది ముందు నాకు గొంతు లేవదు. స్కూల్లో జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. బానెట్ మీద నాయిన చెయ్యి చూశాక మాత్రం ఉండలేకపోయాను.

"గద్వాలల ఊపలేదు మామా."

"ఊపకుంటే ఫుల్ ఎట్లయితది?"

"అయితే వాపస్ పోదాం. అదే బంకు, అదే పైపు, ఊపకుండ పోపిద్దాం. రెండుసార్లు పోసింది కలుపు, పోయొచ్చిన దూరం కలుపు. నువ్వు గూడ రా."

మామ నన్ను కొత్తగా చూశాడు. "నేనెక్కితే బరువైతది. తక్కువొస్తే నా మీద వెట్టొద్దు."

"పెట్టను."

"ఏసీ ఎయ్యాలె మరి."

"వేస్త."

ముందు సీట్లో కూర్చుని స్పీడు చూస్తానన్న మామ, బిజినేపల్లి రాకముందే చల్లగాలికి నిద్రపోయాడు. వచ్చిన దారినే తిరిగి నడిపాను, అంతే నెమ్మదిగా. గద్వాల బంకులో పొద్దుటి అతనే ఉన్నాడు.

"ఊపాల్నా?" అన్నాడు మళ్లీ.

నేను నోరు తెరిచేలోపు మామే అన్నాడు, "మొదలు ఊపలేదంట. ఇప్పుడు గూడ ఊపకు."

ఎనిమిది లీటర్లకు పైపు ఆగింది. మామ అరచేతిలో వేలితో లెక్క వేసుకున్నాడు. రెండు వందల కిలోమీటర్లు, ఇరవై రెండు లీటర్లు.

"తొమ్మిదొచ్చె," అన్నాడు చివరికి. "నా డీజిల్ జీపు పదకొండిస్తది. గింతేనా ఫరక్?"

నాయిన జేబులో చెయ్యి పెట్టాడు. "బావా, నాగర్‌కర్నూలు బస్సు జర సేపట్ల ఉంది. చిల్లర నేనిస్త."

మామ ముందుగా నవ్వాడు. ఆ తర్వాత మా ఇంట్లో అన్నం తినే బస్సెక్కాడు. ఆయనను సాగనంపి వచ్చేసరికి అమ్మ దండెం మీది సంచులు తీసి అద్దాలకు తొడుగుతోంది. ముడి ఎప్పటికంటే గట్టిగా వేసింది.

ఆ రోజు పెట్రోలుకు వెయ్యి పైచిలుకు అయింది. బస్సులో పోతే అందులో చిన్న ముక్క చాలు. ఇలాంటి కారు చౌక అని నేను చెప్పను. ఊరంతా నాలుగన్న బండి చేత తొమ్మిది ఇప్పించానని మాత్రం చెబుతాను, ఇది ఎవరికైనా చెప్పుకోవాలనే ఇక్కడ రాస్తున్నాను. మీరూ మీ బండి ఎంతిస్తుందో చూడాలనుకుంటే ఒక్కటే గుర్తుంచుకోండి. ఏ బంకులో, ఏ పైపుతో నింపారో మళ్లీ అక్కడే నింపండి, మొదటిసారి పైపు ఆగగానే ఆపేయండి, బండిని ఊపనివ్వకండి.

నాయినకు కారు నడపడం రాదు. కొన్ననాటినుంచీ నడిపేది నేనే.